మూసాపేటలో ఇల్లు అడిగిన నోరు

అమ్మడూ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. మొదటిసారి కాఫీ తాగుతూ, రెండోసారి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మూడోసారి పెన్నూ కాగితం దగ్గర పెట్టుకుని. ముప్పయ్యొక్క ఏళ్ళు ఫ్రెంచి పాఠాలు చెప్పినవాణ్ణి కదా, రిటైరయినా దిద్దే జబ్బు పోలేదు. మీ అత్తయ్యయితే మొదటి అర నిమిషం విని "ఎంత బాగా మాట్లాడుతోందండీ పిల్ల!" అని మురిసిపోయి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ అర నిమిషం నిజంగానే బాగుంది. బోఁజూర్ దగ్గర్నుంచి "మీ ప్రకటన చూసి ఫోన్ చేస్తున్నాను" దాకా గుర్రం పరుగే. ఆ తర్వాత, పరీక్షాధికారి వేషం వేసిన నీ స్నేహితురాలు "సోమవారం మాకు సెలవు" అంది. నువ్వు వెంటనే "సోమవారం ఎన్నింటికి తెరుస్తారు?" అని అడిగావు.

నేను పెన్ను కింద పెట్టేశాను.

ఇంకో సంగతి కూడా చెప్పెయ్యనీ. మధ్యలో ఒకచోట "నాకు సంతోషంగా ఉంది" అనడానికి "కోఁతాఁ" అన్నావు. అది మగవాడు తన గురించి చెప్పుకునే మాట. ఆడపిల్ల "కోఁతాఁత్" అనాలి, చివర త వినపడాలి. నీకు తెలియక కాదు, ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజి ఫ్రెంచి తీసుకుని 97 తెచ్చుకున్నదానివి. ఆ వాక్యం ఎవరో కుర్రాడు తనకోసం రాసుకుని వాట్సాప్ గ్రూపులో పెట్టింది. నువ్వు దాన్ని చదివీ చదివీ నోటికి పట్టించుకున్నావు. అతగాడి చొక్కా తొడుక్కుని పరీక్షకి బయల్దేరావన్నమాట.

కోప్పడుతున్నాననుకోకు. నీ తిప్పలు తెలుసు. బ్రాంప్టన్‌లో వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు గోడౌన్‌లో షిఫ్టు. వర్క్ పర్మిట్‌కి మిగిలింది ఎనిమిది నెలలు. ఇంగ్లీషు మార్కులు ఎంత బాగా వచ్చినా పర్మనెంట్ రెసిడెన్సీకి పాయింట్లు అందడం లేదు. 2023లో కెనడావాళ్ళు ఫ్రెంచి వచ్చినవాళ్ళ కోసం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో విడిగా డ్రాలు తియ్యడం మొదలుపెట్టారు. అప్పట్నుంచి మన పిల్లలందరి కళ్ళూ ఫ్రెంచి మీద పడ్డాయి. ఆ డ్రాకి నాలుగు విభాగాల్లోనూ వాళ్ళ ఫ్రెంచి కొలమానం ఎన్‌సీఎల్‌సీలో 7 ఉండాలి. వినడం, చదవడం, రాయడం మూడింట్లోనూ 7 దాటి, మాట్లాడటంలో 6 దగ్గర ఆగిపోయిందా, ఆ మూడూ ఉండీ లేనట్టే. నాలుగూ కుదిరి ఇంగ్లీషులో 5 ఉంటే అదనంగా 50 పాయింట్లు కూడా కలుస్తాయి. ఇంత ఉంది కాబట్టే నీకు భయం. భయం వేసినవాళ్ళు ఏదో ఒక కాగితం పట్టుకుంటారు. నువ్వూ పట్టుకున్నావు.

ఆ కాగితం కింద పెట్టించడానికే ఈ ఉత్తరం.

ముందు పరీక్ష ఎంతుందో చూద్దాం. నీది టెఫ్ కెనడా, పారిస్ వాణిజ్య మండలి వాళ్ళు నడిపేది. మాట్లాడే భాగం మొత్తం పదిహేను నిమిషాలు, ముందు ఐదు, తర్వాత పది. ఎదురుగా మనిషి కూర్చుంటాడు, మాటలు రికార్డవుతాయి. మొదట ఒక చిన్న ప్రకటన ఇస్తారు. వంట క్లాసులనో, గది అద్దెకనో, పిల్లల్ని చూసుకునే మనిషి కావాలనో ఉంటుంది. నువ్వు ఆ నంబరుకి ఫోన్ చేసినట్టు మాట్లాడి వివరాలు రాబట్టాలి, ఓ పది ప్రశ్నలు వెయ్యాలి. రెండోసారి ఇంకో ప్రకటన ఇస్తారు. ఇప్పుడు ఎదుటి మనిషి నీ స్నేహితుడు. దాని గురించి చెప్పి, అతన్ని ఒప్పించాలి. అతను అంత తేలిగ్గా ఒప్పుకోడు.

మీ రూమ్మేట్ టీసీఎఫ్ కెనడా రాస్తోందన్నావు కదా, ఆమె లెక్క వేరు. అది పన్నెండు నిమిషాలు, అందులో మూడు పనులు. తన గురించి చెప్పుకోవడం ఒకటి, రెండు నిమిషాలు ఆలోచించుకుని ప్రశ్నలడగడం ఇంకొకటి. చివర్లో ఏ తయారీ లేకుండా నాలుగున్నర నిమిషాలు ఒక విషయం మీద అభిప్రాయం చెప్పాలి. డెల్ఫ్ బీ2 వాళ్ళయితే మారాజులు, వాళ్ళకి ఆలోచించుకోవడానికే అరగంట ఇస్తారు. ఒకళ్ళ నోట్సు ఇంకొకళ్ళు చదవకండి.

ఇప్పుడు మొదటి భాగానికొద్దాం. నీకు చెమటలు పట్టేది అక్కడేగా. మన బళ్ళలో అడిగేది మేష్టారు, చెప్పేది పిల్లలు. పదహారేళ్ళ చదువులో జవాబులే నేర్పాం, ప్రశ్న వెయ్యడం నేర్పలేదు. అందులో నా పాపం కూడా ఉంది. కానీ నువ్వు ప్రశ్నలడగడం నేను కళ్ళారా చూశాను. గుర్తుందా, ఉద్యోగంలో చేరిన కొత్తలో మూసాపేటలో గది చూడ్డానికి నన్ను తోడు తీసుకెళ్ళావు. నీలం గేటు, దానికి తీగతో కట్టిన టులెట్ బోర్డు. ఇల్లుగలావిడ కుంకుడుకాయలు కొట్టుకుంటున్నదల్లా చేతులు దులుపుకుని వచ్చింది. పెద్దవాణ్ణి కదా అని నేను గొంతు సవరించుకునేలోపు నువ్వే అందుకున్నావు.

"నీళ్ళు బోరువా ఆంటీ, మంజీరావా?"

"మంజీరానే. రోజు విడిచి రోజు వస్తాయి."

"రాని రోజు?"

"ట్యాంకర్ తెప్పిస్తాం."

"ట్యాంకర్ డబ్బులు అద్దెలోనేనా, వేరేనా?"

ఆవిడ నన్ను చూసింది, ఈ పిల్ల ఎవరండీ బాబూ అన్నట్టు. నువ్వు ఆగలేదు. అడ్వాన్సు ఎన్ని నెలలది, కరెంటుకి విడిగా మీటరుందా, రాత్రి షిఫ్టయి ఒంటిగంటకి వస్తే గేటు ఎవరు తీస్తారు, చేపలు వండుకోవచ్చా? చేపల దగ్గర ఆవిడ ముఖం మారింది. "ఆదివారం ఒక్క పూటే ఆంటీ, కిటికీలు తీసే వండుకుంటాం" అన్నావు. నేను ఊరికే నిలబడి లెక్కపెట్టుకున్నాను, పద్నాలుగు ప్రశ్నలు. టెఫ్‌కి పది చాలు.

ఆ రోజు నీకు టెంప్లేటు ఎవరిచ్చారు? "రాని రోజు?" అనే ఆ చిన్న మాట ఏ పీడీఎఫ్‌లోనూ దొరకదు, ఎందుకంటే అది ఆవిడ నోట్లోంచి వచ్చిన జవాబుకి పుట్టిన ప్రశ్న. పరీక్షలో ఎదుటి మనిషి "సోమవారం సెలవు" అనడం నీకు దారి చూపించడమే. "అలాగా, నాకేమో సోమవారమే ఖాళీ. మరి ఆదివారం ఉంటుందా?" అన్నావంటే అతను చెప్పింది నీ చెవిన పడిందని తెలిసిపోతుంది. చెవిన పడ్డట్టు తెలియకపోతే నీ పది ప్రశ్నలూ పది బాణాలే, తగిలేది గోడకి. ఇంకో పొరపాటు, ప్రకటనలో రాసి ఉన్నదే మళ్ళీ అడగడం. ధర అందులో ఉంటే ధర ఎంతని అడక్కు. "ఆ ధరలో సామాను కూడా కలిసిందా?" అని అడుగు.

అడిగే తీరు కూడా మార్చాలి. నువ్వు పంపినదాంట్లో ప్రతి ప్రశ్నా "ఎస్ కె" తోనే మొదలైంది. తప్పు కాదు, కానీ వరసగా పదిసార్లంటే వినేవాడికి తల వాస్తుంది. ఒకసారి "జె వూద్రే సావ్వార్ సీ..." అను, ఫలానాది ఉందేమో తెలుసుకుందామని. ఇంకోసారి "పూర్యే-వూ మె దీర్...", కాస్త చెప్పగలరా అని. మధ్యమధ్య మామూలు వాక్యాన్నే చివర గొంతు పైకి లేపి ప్రశ్న చెయ్యి. అది మనం తెలుగులో పొద్దస్తమానం చేసేదే. "బజారుకెళ్తున్నారు" అన్నా "బజారుకెళ్తున్నారూ?" అన్నా మాటలు అవే కదా.

వాక్యాలు బట్టీ పట్టకు. గుర్తు పెట్టుకోవలసింది ఆరు కొక్కేలే. ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు, ఎంత, ఏం తెచ్చుకోవాలి, మనసు మారితే డబ్బు వెనక్కిస్తారా. వంట క్లాసయినా పడవ షికారయినా ఆ కొక్కేలకి తగిలించుకోవచ్చు.

బట్టీ గురించి నా సంగతీ చెప్తాను, నవ్వుకో. ఇరవై రెండేళ్ళప్పుడు నేనూ ఒక ఫ్రెంచి మౌఖిక పరీక్షకి వెళ్ళాను. "మా ఊరు" మీద రెండు పేజీలు తయారుచేసుకున్నాను. గోదావరి, లంకలు, కొబ్బరితోటలు, సాయంకాలం పడవలు. ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో కూడా రాసుకున్నాను. గదిలోకి వెళ్ళగానే ఆయన మర్యాదకి "పొద్దున ఏమైనా తిన్నారా?" అని అడిగాడు. ఆ ప్రశ్న నా కాగితంలో లేదు. నేను గోదావరి మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపి మళ్ళీ అదే అడిగాడు, ఈసారి నెమ్మదిగా, తినే అభినయంతో సహా. ఇంక లాభంలేదని, మా ఊళ్ళో జనం గోదావరి చేపలు తింటారని చెప్పి అక్కణ్ణుంచి మళ్ళీ పడవలెక్కేశాను. ఆవు వ్యాసం తప్ప రానివాడు కొబ్బరిచెట్టు గురించి రాయమంటే, చెట్టుకి ఆవుని కట్టేసి ఆవు గురించి రాసుకుపోయాడే, అచ్చంగా వాడే నేను. తప్పాను. మళ్ళీ రాయడానికి చాలాకాలం పట్టింది. ఇడ్లీ తిన్నానని చెప్పడానికి నాకప్పుడు ఫ్రెంచి చాలినంత వచ్చు, అమ్మడూ. ఏడుపొచ్చింది అందుకే.

ఇక రెండో భాగం, పది నిమిషాల ఒప్పించడం. దీనికి నువ్వు మీ అమ్మని తలుచుకో. కెనడా వెళ్తానన్నప్పుడు అది ఎన్ని అడ్డుపుల్లలు వేసిందో నాకు తెలుసు, ఆ వారమంతా రోజూ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. అప్పు ఎవరు తీరుస్తారంది. మంచులో జ్వరమొస్తే చూసేదెవరంది. పెళ్ళి మాటేమిటంది. నువ్వు ఎదురు తిరిగి అరవలేదు. "నిజమేగానీ అమ్మా" అని మొదలుపెట్టేదానివి. నిజమేగానీ, అప్పు చేసేది చదువుకి, అక్కడ వారానికిన్ని గంటలు పని చేసుకోవచ్చు. నిజమేగానీ, పక్కవీధిలో పద్మ వాళ్ళమ్మాయి అక్కడే ఉంది. పెళ్ళి సంగతి మాత్రం నవ్వి దాటేశావు, అదీ ఒక విద్యే.

ఫ్రెంచివాడి "సె వ్రే, మే..." మన "నిజమేగానీ" ఒక్కటే. టెఫ్ స్నేహితుడు వేసే అడ్డుపుల్లలు కూడా మీ అమ్మ వేసినవే. తీరిక లేదు, ఖరీదెక్కువ, అక్కడ నాకెవరూ తెలియదు, అలసిపోయాను. ప్రకటన ఏదైనా ఇవి వస్తాయి. ముందు ఒప్పుకో, ఆ తర్వాత తిప్పు. తిప్పేటప్పుడు "చాలా బాగుంటుంది, చాలా ఉపయోగకరం" అంటూ గాలిమాటలు చెప్పకు. "శనివారం పొద్దున్నే కదా, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తావు." "మొదటి క్లాసు ఉచితం, నచ్చకపోతే మానెయ్యి." "నేను తోడొస్తాను, జె తాకోఁపాఞ్." ఇలా ఉండాలి. "ఇల్ ఫో కె త్యు వ్యెన్", నువ్వు రావలసిందే, అనే తరహా వాక్యం ఒకటో రెండో సందర్భానికి తగ్గట్టు పడితే పరీక్షాధికారి తల ఊపుతాడు. ఆరు పడితే అనుమానిస్తాడు. మొదట్లోనే ప్రకటనంతా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పి, మిగిలిన ఏడు నిమిషాలూ ఏం చెయ్యాలో తెలియక చెప్పిందే చెప్పేవాళ్ళని చాలామందిని చూశాను. విషయం కాస్త దాచుకుని, అడ్డుపుల్ల వేసినప్పుడల్లా ఒక్కోటి తియ్యి.

ఇక్కడ మనవాళ్ళకో వరం ఉంది, మనకే తెలియదు. మొదటి భాగంలో ఎదుటివాడు ఊరూపేరూ తెలియని పెద్దమనిషి, కాబట్టి "వూ", అంటే మీరు. రెండో భాగంలో స్నేహితుడు, కాబట్టి "త్యు", అంటే నువ్వు. కూర్చున్నది అదే మనిషి, అదే కుర్చీలో. ఇంగ్లీషు ఒక్కటే తెలిసినవాడికి ఇది పెద్ద గండం, వాడి భాషలో అందరూ యూలే. మనకా బాధేముంది? ఇల్లుగలావిణ్ణి నువ్వు అని పిలవం, చిన్నప్పటి నేస్తాన్ని మీరు అనం. ఆలోచించి చేసే పని కూడా కాదది, నోటికి పుట్టుకతో వచ్చింది. అయినా నీ మెసేజ్‌లో స్నేహితురాల్ని రెండుసార్లు "వూ" అన్నావు. ఎందుకంటే నువ్వు ఫ్రెంచిని ఇంగ్లీషులో తలుచుకుని మాట్లాడుతున్నావు. తెలుగులో తలుచుకో. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా చెప్తాను, ఫ్రెంచికి ఇంగ్లీషు కన్నా తెలుగే దగ్గరదారి.

ఉచ్చారణ దగ్గర కూడా అంతే. ఈ ఉత్తరంలో అరసున్నలు చూసి అచ్చుతప్పులనుకోకు. పాత తెలుగులో ముక్కులోంచి తేల్చి పలికే అచ్చుకి గుర్తు అది. మనం పనిలేదని అటకెక్కించేశాం, ఫ్రెంచి నేర్చుకునేవాడికి మాత్రం దింపుకోక తప్పదు. బేఁ అంటే స్నానం, బాఁ అంటే కూర్చునే బల్ల, బోఁ అంటే మంచిది. మూడింటికీ పెదవులు మూయకూడదు, నాలుక పైకి తగలకూడదు. నువ్వు చివర న్ అని గట్టిగా నొక్కేస్తున్నావు. వర్ణమాలలో ఎవరికీ పట్టని ఇంకో అక్షరం ఞ, "తాకోఁపాఞ్" లో దానికి కూడా కొలువు దొరికింది. లేజాఁఫాఁ, వూజావే లాంటి చోట్ల రెండు మాటలు కలిసిపోవడం, "లె" పక్కన "ఆమీ" చేరితే "లామీ" అయిపోవడం మనకి వింతేమీ కాదు, చిన్నప్పుడు సంధులు విడదీసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే.

తెలుగు నోటికి మూడు తెగుళ్ళు మాత్రం ఉన్నాయి. మొదటిది, మాట హల్లుతో ఆగితే మనకి తోచదు, ఒక ఉకారం అంటించేదాకా నిద్రపట్టదు. బస్సు, కారు, బ్యాంకు. అలాగే నువ్వు "అవెక్" ని "అవెక్కు" అన్నావు, నాలుగుసార్లు. రెండోది, "త్యు" అని నేను రాస్తున్నది సరైన ధ్వని కాదు, దానికి మన లిపిలో గుర్తు లేదు. ఊ అనేటప్పుడు పెదవులెలా ఉంటాయో అలా ఉంచి, లోపల ఈ అను. అద్దం ముందు పదిసార్లు చేస్తే వస్తుంది. అది రాకపోతే "పైన", "కింద" ఒకటే అయిపోతాయి, దెస్యు అంటే పైన, దెసూ అంటే కింద. మూడోది, గొంతులో గీరే ఆ ర. హైదరాబాదులో పెరిగినదానివి, ఉర్దూవాళ్ళు గజల్ అన్నప్పుడు మొదటి అక్షరం ఎక్కణ్ణుంచి పలుకుతారో విన్నావుగా, దాని పక్కింటిదే ఇది. వస్తే సరే. రాకపోతే దానికోసం నిద్ర మానుకోకు. ర సరిగా పలకలేదని మాట అర్థం కాకుండా పోదు. మొదటి రెండూ చూసుకో.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది నీ మౌనం. మెసేజ్‌లో ఒకచోట పదకొండు సెకన్లు ఏమీ లేదు, వెనకాల ఫ్రిజ్ శబ్దం తప్ప. ఏదో నామవాచకం ఆడదో మగదో గుర్తురాక ఆగావని తర్వాత చెప్పావు. లె అనాల్సిన చోట లా అంటే కొంచెం తగ్గుతుంది, నోరు మూసుకుంటే అంతా పోతుంది. తెలుగులో మాట దొరకనప్పుడు ఏం చేస్తాం? "అంటే...", "మరీ...", "అదేనండీ...". ఫ్రెంచివాళ్ళూ అంతే. అలోర్, ఆఁ ఫెత్, సెతాదీర్. వీటిని వాడు, కానీ ఇంగ్లీషు "లైక్", "యూ నో" మాత్రం గుమ్మం బయటే వదిలెయ్యి. ఎదుటివాడి మాట అందలేదా, "పార్దోఁ, మళ్ళీ చెప్తారా?" అని ఫ్రెంచిలో అడగడం తప్పేమీ కాదు, ఫోన్లో ఎవరైనా అడిగేదే.

మాట అస్సలు గుర్తురాకపోతే చుట్టూ తిరిగి చెప్పు. దీనికో ఆట ఉంది. నీ వంటింట్లో ఏ వస్తువైనా తీసుకుని దాని పేరు ఎత్తకుండా ఫ్రెంచిలో చెప్పు. నేను మా క్లాసులో ఒకమ్మాయిని జల్లెడ గురించి చెప్పమన్నాను. పాపం చాలాసేపు పైకి కిందికి చూసి, "గుండ్రంగా ఉంటుంది, నిండా కన్నాలు, మా అమ్మ దీనితో పిండిని ఏడిపిస్తుంది" అంది. క్లాసంతా నవ్వాం. జల్లెడకి ఫ్రెంచి మాట ఆ రోజు ఎవరికీ అవసరం పడలేదు. ఆవకాయ జాడీతో మొదలుపెట్టు నువ్వు, కష్టమైనదే ముందు.

అంకెల మాట మరిచిపోబోయాను. పరీక్షాధికారి ఫోన్లో ధర చెప్తాడు, "కాత్ర్ వేఁ కేఁజ్" అని. అంటే నాలుగిరవైలు పదిహేను, తొంభై అయిదు. అది నీ బుర్రలో కూడికయ్యేలోపు రెండు వాక్యాలు దాటిపోతాయి. మా తాతగారు యానాంలో ఫ్రెంచివాళ్ళ కచేరీ గుమాస్తా. 1954లో వాళ్ళు ఊరు అప్పగించి వెళ్ళిపోయారు, ఈయనకి మాత్రం అంకెలు వాళ్ళవే మిగిలిపోయాయి. వీధరుగు మీద కూర్చుని పులస బేరం తెలుగులో ఆడి, చిల్లర మాత్రం పెదాల కింద ఫ్రెంచిలో లెక్కపెట్టుకునేవాడు. చేపలమ్మి "ఏటండీ గొణుగుతారు, తక్కువిచ్చేత్తారేటి?" అనేది. వినేవాళ్ళెవరూ లేకపోయినా ఆయన తనతో తనే మాట్లాడుకునేవాడు, చెంబు ఎక్కడ పెట్టానో, ఎండ ముదురుతోందో అంటూ. నాకు మొదటి ఫ్రెంచి ఆ గొణుగుడే. నువ్వూ కిరాణాకి వెళ్ళినప్పుడు ప్రతి ధరా ఫ్రెంచిలో గొణుక్కో. బ్రాంప్టన్‌లో ఎవరేమనుకుంటే ఏం?

ఇంకా ఆరు వారాలుంది. రోజుకో ప్రకటన చాలు. అవి పరీక్ష పుస్తకాల్లోవే కానక్కర్లేదు, కిజిజిలో మోంట్రియల్ వాళ్ళు ఫ్రెంచిలో పెట్టేవి తీసుకో, నిజం మనుషులు నిజంగా రాసినవి. ఐదు నిమిషాలు ప్రశ్నలు, పది నిమిషాలు ఒప్పించడం, ఫోన్లో రికార్డు. అదే రోజు విను. నీ గొంతు నీకే నచ్చదు, ఎవరికీ నచ్చదు, అయినా విను. బస్సులో ఆర్‌ఎఫ్‌ఐ వాళ్ళ తేలిక ఫ్రెంచి వార్తలు పెట్టుకుని, ఒక్కో వాక్యం వాళ్ళ వెనకే, వాళ్ళ ఊపులోనే అను. వారానికోసారి మనిషితో మాట్లాడాలి, గోడతో ఆరు రోజులు చాలు. "ఈ వారం ఇవే టాపిక్కులొస్తాయి, గ్యారంటీ" అంటూ డబ్బులు తీసుకుని అమ్మే పీడీఎఫ్‌లు కొనకు. కొన్నదాన్ని తీసెయ్యి. ఆ వాక్యాలు పరీక్షాధికారులకి నీకన్నా ముందే కంఠతా వచ్చు, పొద్దుట్నుంచి వింటున్నవే కదా.

పరీక్ష రోజు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ముందురోజు షిఫ్టు పెట్టుకోకు. పొద్దున లేచినప్పట్నుంచి ఓ అరగంట ఫ్రెంచిలో ఏదో ఒకటి వాగు, గొంతు తెరుచుకుంటుంది. లోపలికి వెళ్ళగానే కళ్ళలోకి చూసి బోఁజూర్ చెప్పు. ఫ్రెంచివాడి దగ్గర ఆ మాట లేకుండా ఏ పనీ మొదలవదు, రొట్టెల కొట్లో అయినా సరే.

వచ్చే ఆదివారం మీకు పొద్దున తొమ్మిది, మాకు సాయంత్రం ఆరున్నర, నాకు ఫోన్ చెయ్యి. నేను లియోఁలో ఇల్లు అద్దెకిచ్చే ముసలాయన్ని. నీళ్ళ సంగతి, గేటు సంగతి, చేపల సంగతి అన్నీ అడుగు, ఫ్రెంచిలో. మీ అత్తయ్య పక్కనే కూర్చుని ప్రశ్నలు లెక్కపెడుతుంది. కాగితం గలగల వినపడిందంటే మాత్రం ఫోన్ పెట్టేస్తాను.

మీ మావయ్య